రాజవ్వ ముక్కుపుల్ల

“ఇద్దరూ ఆడపిల్లలే, తాయి. కాగితమే చెప్తున్నది. లేని తమ్ముణ్ని ఏడికెళ్లి పట్టుకొస్తవ్?”

నాందేడ్ కోర్టు రికార్డు గది కిటికీకి వీపు ఆనించి నందకిషోర్ శుభాంగితో ఆ మాట అన్నాడు. తాయి అంటే మరాఠీలో అక్క. ఒకప్పుడు వకీలు దగ్గర గుమాస్తాగా చేసి, ఇప్పుడు నాందేడ్ స్టేషన్ రోడ్డులో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. శుభాంగి బోర్డు కూడా అదే రోడ్డులో ఉంది. ఇద్దరికీ తిండి పెట్టేవి పెళ్లి ఎంక్వయిరీలే. పిల్లగాడు తాగుతాడా, పిల్లకు ముందు సంబంధం ఏదైనా తప్పిపోయిందా, అలాంటివి. శుభాంగికి మాత్రం దానికి తోడు ఇంకో పిచ్చి ఉంది. తెగిపోయిన కుటుంబాలను వెతికి పట్టుకోవడం. అందులో వచ్చేది తక్కువ, తిరిగేది ఎక్కువ. ఆమె భర్త దాన్ని తీర్థయాత్ర అని ఎగతాళి చేస్తాడు.

ఆమె తలెత్తలేదు. బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. 1357 ఫసలీ నాటిది, అంటే నిజాం రాజ్యం ఆఖరి ఏడాది. తల్లీతండ్రీ లేని పిల్లలకు సంరక్షకుణ్ని నియమించిన కేసు. హైదరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు సరదాగా నేర్చుకున్న ఉర్దూ ఇన్నేళ్లకు ఆమెకు ఇలా అన్నం పెడుతోంది.

కథ చిన్నదే. బిలోలి తాలూకాలో కూలినాలి చేసుకునే భోజన్న, అతని భార్య ఒకే వారంలో కలరాతో పోయారు. ఇద్దరు పిల్లలు మిగిలారు. పెద్దది మైసవ్వ, ఆరేళ్లది. చిన్నది రాజవ్వ, మూడేళ్లది. భోజన్న కూలికి పోయే పొలం రైతు వెంకట్రావ్, అతని భార్య నర్సుబాయి పిల్లలిద్దరినీ ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్లకు సంతానం లేదు. కొన్నాళ్లకు బొంబాయి మిల్లులో పనిచేసే పెదనాన్న ఊళ్లో దిగాడు. ఏళ్ల తరబడి ఊరి ముఖం చూడనివాడు, పిల్లలు నావాళ్లు అన్నాడు. వెంకట్రావ్ ఇవ్వనన్నాడు. ఇద్దరూ కోర్టుకెక్కారు. పిల్లల్ని చూసి రమ్మని జడ్జి ఒక అమీన్‌ను పంపాడు. ఆ అమీన్ రాసుకొచ్చిన మాటలే ఇప్పుడు నందకిషోర్ చేతిలోని నకలులో ఉన్నాయి. ఇద్దరూ ఆడపిల్లలు, ఇద్దరికీ జడలు, ముక్కుపుల్లలు ఉన్నవి. పెద్దపిల్ల పెదనాన్నకు, పసిది కనుక చిన్నపిల్ల వెంకట్రావ్‌కు అని తీర్పు.

ఇలాంటి ఫైలు ముట్టుకున్న ప్రతిసారీ శుభాంగికి చేతులు జోడించాలనిపిస్తుంది. ఆస్తి ఉన్న అనాథ కోసం కోర్టుకెక్కేవాళ్లు బోలెడుమంది. ఈ పిల్లలకు గుంట నేల లేదు. చిల్లుగవ్వ లేని ఇద్దరు పసివాళ్లు నాకు కావాలంటే నాకు కావాలని ఇద్దరు పెద్దమనుషులు కోర్టు మెట్లు అరగదీశారు. ఎనభై నాలుగేళ్లు వచ్చినా మైసవ్వకు ఈ సంగతి తెలియదు. తను ఎవరికీ అక్కర్లేని పిల్లననే ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

“వింటున్నవా తాయి?” నందకిషోర్ దగ్గరికి వచ్చాడు. “నువ్వు ధర్మాబాద్ పోయి వినాయక్ సేటు ముంగట నిలబడి, నీ తండ్రి మా ముసలమ్మకు తమ్ముడు అన్నవంట. వెంకట్రావ్ మనవడాయన. ఇజ్జత్ ఉన్న ఖాందాన్. ఆ ఇంట్ల పెరిగిన రాజవ్వ చిన్నప్పుడే సచ్చిపోయింది. సేటు తండ్రి భీమ్‌రావు కాకా వెంకట్రావ్ కన్నకొడుకు. ముసలమ్మతోని ఇదో ఈ కాగితం మీద వేలు పెట్టియ్యి, కథ ఒడుస్తది.”

టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. నాకు చెల్లెలు ఉండేది, చిన్నతనంలో చనిపోయింది, తమ్ముడు ఎవరూ లేడు అని అందులో ఉంది.

“నువ్వు వినాయక్ మనిషివా?”

“పైసలిచ్చినోని మనిషిని. నువ్వు ఉత్త దండాలు పెట్టేటోళ్ల మనిషివి. గంతే ఫరక్.”

శుభాంగి నవ్వింది. నవ్వుతూనే అతని చేతిలోని నకలు వైపు చూసింది. కాగితం కింది మూలను అతను బొటనవేలితో కప్పి పట్టుకున్నాడు. నకలు అడిగిన మనిషి పేరు అక్కడే ఉంటుంది. కానీ దాని పక్కనే వేసే తేదీ ముద్ర సగం బయటికి వచ్చింది. ఏప్రిల్.

మైసవ్వ శుభాంగి ఆఫీసు మెట్లెక్కింది దసరా పోయాక. అంతకు ముందు ఈ ఫైలు సంగతి ఈ భూమ్మీద ఎవరికీ పట్టలేదనే శుభాంగి అనుకుంటోంది. ఏప్రిల్‌లో ఎవరికి పట్టింది?

ఆ ప్రశ్నను గుటక వేసి లోపల దాచుకుని, శుభాంగి వరండాలోకి నడిచింది.

బెంచీ ఖాళీగా ఉన్నా మైసవ్వ గోడకు ఆని కింద కూర్చుంది. పక్కన కూతురు సుమిత్రాబాయి నీళ్ల సీసా పట్టుకుని ఉంది. పెదనాన్న మైసవ్వను బిలోలి సంబంధానికే ఇచ్చాడు; అక్కడి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. ముసలమ్మ కోరిక ఒకటే. కన్ను మూసేలోపు తమ్ముణ్ని ఒక్కసారి చూడాలి, వాణ్ని పెంచినవాళ్లకు దండం పెట్టుకోవాలి.

నందకిషోర్ వెనకే వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“పెద్దవ్వా, నీ ఎనకబుట్టిన పిల్ల పేరు రాజవ్వనేనా?”

“రాజవ్వనే అందురు.”

“మరి తమ్ముడెట్లయితడు?”

“తమ్ముడే అయ్యా. వానికి జడలు అల్లింది నేనే, తానం జేపిచ్చింది నేనే. తానం జేపిచ్చినదానికి తెల్వదా ఆడో మొగో?”

వరండాలో కేసుల కోసం కూర్చున్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నందకిషోర్ చెవులు ఎర్రబడ్డాయి.

“మొగపోరనికి జడలేంది? ముక్కుపుల్లేంది? ఆరేండ్ల పిల్లవు నువ్వు. ఏదో యాది ఉన్నది, ఏదో కలిపినవు.”

“మా పెద్దనాయన ఇంట్ల కూడ గట్లనే అందురు. పిచ్చిదానా, అది చెల్లె, ఎప్పుడో సచ్చిపోయిందని.” మైసవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. “నేను ఏమనకపోదును. మనసులోపట మాత్రం తమ్ముడే అనుకుందును.”

శుభాంగి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

“అవ్వా, చిన్నప్పుడు వాన్ని ఏమని పిలుస్తుంటివి?”

“ఇంట్ల ఏమన్నా అనొచ్చు. బయట తమ్ముడా అంటే నన్ను గన్న అవ్వ నోటి మీద కొట్టేది.”

“ఎందుకు?”

“నాకేం ఎరుక బిడ్డా.”

“వానికంటే ముందు మీ అవ్వకు పిల్లలు పుట్టి పోయిండ్రా?”

“ఇద్దరు. మొగపిల్లలే. ఒక్కడన్న పురుడు దాటలే. ఇంటెనక పూడ్చిండ్రు.”

శుభాంగి కళ్లు మూసుకుంది. ఆమె పుట్టింటి ఊళ్లోనే ఉన్నాడు అలాంటి మనిషి ఒకాయన, మీసాలు మెలితిప్పి తిరిగే పెద్దాయన. ఆయన ముక్కుకు చిన్న గుంట. పుట్టిన మగపిల్లలు వరసగా పోతుంటే తర్వాతి వాడికి ముక్కు కుట్టించేవాళ్లు, జుట్టు పెంచి జడలేసేవాళ్లు, ఆడపేరు పెట్టేవాళ్లు. వచ్చిన మృత్యువు, ఇది ఆడపిల్ల కదా అని గడప దగ్గరే వెనక్కి మళ్లుతుందని నమ్మకం. మొక్కు తీరేదాకా ఊరంతా ఆ అబద్ధాన్ని కాపలా కాసేది. తెలియని మనిషి ముందు కొడుకు అన్నారంటే మొక్కు చెడినట్టే. గుర్రమెక్కి వచ్చిన సర్కారు అమీన్ కంటే తెలియని మనిషి ఎవరుంటారు? ఆయన అడిగి ఉంటాడు. ఊరు ఊరంతా ఆడపిల్లే అని ఉంటుంది. బొంబాయిలో ఉన్న పెదనాన్నకు, భోజన్నకు పుట్టింది ఆడో మగో తెలిసే దారి ఎక్కడిది?

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇది శుభాంగి నమ్మకం. నందకిషోర్ చేతిలో ఉన్నది ముద్ర పడిన కాగితం.

అప్పుడు ఆమెకు తట్టింది. మొక్కు ఎప్పటికైనా తీరాలి. జుట్టు దేవుడి దగ్గర తీయించాలి. కోర్టు అప్పగించిన పిల్లను జిల్లా దాటించాలంటే సంరక్షకుడు కోర్టును అడిగే తీరాలి. వెంకట్రావ్ అడగకుండా పోయే మనిషిలా లేడు. ఒక పసిపిల్ల కోసం అన్ని వాయిదాలు తిరిగినవాడు.

“సుమిత్రాబాయీ,” లేస్తూ అంది, “నేను అచ్చేదాక అవ్వతోని ఏ కాగితం మీదా వేలు పెట్టియ్యకు.”

మళ్లీ రికార్డు గదికి పోయి ఫైలును వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టింది. తీర్పు దగ్గరే అందరూ ఆగిపోతారు. నందకిషోర్ కూడా అమీన్ రిపోర్టుకూ తీర్పుకూ మాత్రమే నకలు తీసుకున్నాడు. తీర్పు తర్వాత ఇంకా పది పన్నెండు కాగితాలు ఉన్నాయి. నిజాం పోయాడు, కలెక్టర్లు మారారు, అయినా వెంకట్రావ్ రెండు మూడు నెలలకోసారి వచ్చి పిల్ల క్షేమంగా ఉందని చెప్పుకుపోయాడు. ఒకసారి జ్వరమొచ్చి తగ్గిందని, ఇంకోసారి మాటలు బాగా నేర్చిందని. ఎవరూ అడగని సంగతులు కూడా చెప్పి రాయించాడు.

ఆఖరి కాగితం తలకిందులుగా కుట్టి ఉంది. ఫసలీ 1359. పిల్లను వేములవాడ రాజన్న దగ్గరికి తీసుకుపోవడానికి అనుమతి ఇప్పించాలని వెంకట్రావ్ అర్జీ. కారణం కూడా ఉంది. పుట్టినప్పటి నుంచి పెంచిన జుట్టు తీయించి, ముక్కుపుల్ల తీసి దేవుడికి ఇచ్చి మొక్కు తీర్చడానికి.

జుట్టు ఎవరైనా ఇస్తారు. కానీ ఐదేళ్ల ఆడపిల్ల ముక్కుపుల్ల ఊడదీసి దేవుడికి ఎవరిస్తారు? ఆడపిల్లకు అది పెళ్లినాటికి ఇంకా పెద్దది కావాలి. తీసేశారంటే ఆ ముక్కుకు దానితో పని అయిపోయిందన్నమాట.

ఆ కాగితానికి ఫోన్‌లో ఫొటో తీసుకుని, నకలుకు అర్జీ రాసి ఇచ్చి, శుభాంగి ధర్మాబాద్ పోవడానికి నిజామాబాద్ వైపు పోయే రైలు ఎక్కింది. బయల్దేరే ముందు, ఫైలు మళ్లీ కట్టిన అటెండరుకు రెండుసార్లు దండం పెట్టింది. ఆయన ఎందుకో తెలియక తిరిగి దండం పెట్టాడు.

ధర్మాబాద్ ధాన్యం బజారు వెనక వీధిలో వినాయక్ ఇల్లు. యాభై దాటిన మనిషి. కమీషన్ మీద ధాన్యం అమ్మిపెట్టే ఆడత్ దుకాణం నుంచి అప్పుడే భోజనానికి వచ్చాడు. శుభాంగిని చూడగానే చేతిలోని రుమాలు నలిపాడు.

“మళ్లచ్చిండ్రా మేడం? నందకిషోర్ మీతోని మాట్లాడలేదా?”

“మాట్లాడిండు. అందుకే అచ్చిన. మీ బాపు భీమ్‌రావు గారు ఉన్నరా?”

“పండుకున్నరు. గుండె ఆపరేషన్ అయింది. లేపొద్దు.” వినాయక్ లోపలి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. “ఏం చెప్పాలన్నా నాకే చెప్పుండ్రి. మెల్లగ.”

శుభాంగి కూర్చోలేదు. ముందు గదిలో ఒక చుట్టు తిరిగింది. గోడకు వెంకట్రావ్, నర్సుబాయి ఫొటో, దానికి గంధం బొట్లు. దాని కింద గూట్లో దేవుళ్లు. దేవుళ్ల ముందు వరసగా నాలుగు వెండి రేకులు. ఆ ఇళ్లలో పోయిన పెద్దల పేరిట అలాంటి రేకు మీద బొమ్మ కొట్టించి పూజలో పెట్టుకుంటారు. టాక్ అంటారు వాటిని. వంగి వాటి వైపే కాసేపు చూసి, ఫోన్ తీసి అర్జీ ఫొటో వినాయక్ ముందు పెట్టింది. అందులో ఏముందో చదివి చెప్పింది.

“అయితే ఏమాయె?” అన్నాడు వినాయక్. “రాజవ్వకు మొక్కు తీర్చిండ్రు. తర్వాత సచ్చిపోయింది.”

“నీకు బిడ్డ ఉన్నదా?”

“ఉన్నది. సోనాలి.”

“సోనాలి ముక్కుపుల్ల ఏ దేవునికిస్తవ్?”

వినాయక్ ఫోన్ దగ్గరికి లాక్కుని ఆ ఫొటోను మళ్లీ చూశాడు.

“అమీన్ ముంగట మీ నాయినమ్మ ఆడపిల్ల అన్నది. మొక్కు చెడిపోవద్దని అన్నది. మొక్కు తీరినంక రాజవ్వ పోయిండు, భీమ్‌రావు అచ్చిండు. రాజన్న గుడికి పోయినోళ్లు పక్కనున్న భీమన్న గుడికి కూడ పోతరు. ఆ పేరు ఆడికెళ్లే తెచ్చుకున్నరు కావచ్చు.”

“ఇవన్నీ మీ ఊహలు.”

“సరే, ఊహలే.” శుభాంగి గూటి వైపు తిరిగింది. “ఈ టాకులు ఎవరెవరివి?”

“తాతయ్యది, నాయినమ్మది, మా అమ్మది.”

“మూడయినయి. నాలుగోది?”

“అది కూడ... మా అమ్మదే.”

“మీ అమ్మ పోయి ఎన్నేండ్లయింది?”

“పన్నెండు.”

“పన్నెండేండ్ల వెండి గిట్ల తళతళమంటదా? మీ అమ్మది దాని పక్కది. కుంకుమ పట్టి నల్లగైంది. ఈ నాలుగోది మొన్నటిది. ఇంకా చూడు, దీని మీద పెద్దమనిషి బొమ్మ లేదు. నెత్తి మీద కొంగు లేదు. రెండు జడల చిన్నపిల్ల.” శుభాంగి గొంతు తగ్గించింది. “ఈ ఇంట్ల ఈ ఏడు చిన్నపిల్ల ఎవరూ పోలేదు. ఎవరి పేరిట పెట్టిండ్రు వినాయక్?”

అతను కుర్చీలో కూలబడ్డాడు. శుభాంగి అతనికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు.

“నేనే చెప్త, తప్పయితే దిద్దు. నందకిషోర్ ఏప్రిల్‌లనే నకలు తీసిండు. మా ముసలమ్మ నా దగ్గరికి అచ్చింది దసరా ఎల్లినంక. అంటే మేం తమ్ముని కోసం చూడకముందే ఈడ ఎవరో అక్క కోసం చూస్తున్నరు. అది నువ్వు కాదు. నీకు తెలిస్తే పూడ్చిపెడ్తవు. చూసింది మీ బాపు. అవునా?”

వినాయక్ తల ఊపాడు.

“నాయినమ్మ పోతపోత బాపు చెవుల చెప్పిందంట. నీకో అక్క ఉన్నది, మైసవ్వ, ఏ ఊరికి ఇచ్చిండ్రో తెల్వదు అని. బాపు ముప్పై ఏండ్లు కడుపుల పెట్టుకొని తిరిగిండు. మొన్న ఎండకాలం ఆపరేషన్‌కు పోయే ముందు నందకిషోర్‌ను పిలిపిచ్చి, దొరకబట్టమన్నడు.”

“దొరకబట్టిండు.”

“ఆ. కాని బాపు దగ్గరికి పోకుండ ముందు నా దగ్గరికి అచ్చిండు. నాకు చేతులు కాళ్లు ఆడలే మేడం. దత్తత కాగితం లేదు మాకు. చిన్నతాత మనవలు మా తాత నేల గుంజుకోనీకి ఎప్పుడు సందు దొరుకుతదా అని చూస్తున్నరు. ఆ నేల సంగతి ఒకటి. ఇంకోటి,” ఫొటో వైపు చూశాడు, “మా నాయినమ్మ. ఆమె చేతుల పెరిగిన నేను. కోర్టుల అబద్ధమాడి అక్కాతమ్ముళ్లను విడదీసిందని లోకం అంటే నేను ఇనలేను. గందుకే నేనే అన్న నందకిషోర్‌తోని, మైసవ్వ పదేండ్లకే సచ్చిపోయిందని చెప్పు అని.”

“బాపు నమ్మిండ్రు.”

“బాసరకు పోయి నీళ్లిడిసి అచ్చిండు. కంసాలిని పిలిచి ఇది చేపిచ్చిండు. రోజు పొద్దుగాల దీనికి బొట్టు పెడ్తడు.” వినాయక్ మొహం అరచేతుల్లో దాచుకున్నాడు. “పెట్టినప్పుడల్లా నేను దుకాణం పేరు చెప్పి బయటికి పోత.”

శుభాంగికి కోపం రావాల్సింది. రాలేదు. అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“చూడు తమ్మీ. నేలకు వకీళ్లు ఉన్నరు, దాని సంగతి వాళ్లు చూస్తరు. అది అల్కటి పని అని నేననను. కాని మీ నాయినమ్మ సంగతి నేను చెప్త. ఆమె ఆ రోజు మొగపిల్లగాడు అని ఉంటే, వంశానికి వారసుడని పెదనాయన వాన్ని కూడ బొంబాయి తీస్కపోయేటోడు. మాటిమాటికి మీ తాత కోర్టుకు పోయి ఏం చెప్పిండో ఎరికేనా? పిల్లకు మాటలు అచ్చినయని, జ్వరం తగ్గిందని. ఎవరూ అడగలే. మైసవ్వ ఈ ఇంటి మీద కేసు వేయనీకి రాలేదు. తమ్ముణ్ని బతికిచ్చినోళ్లకు దండం పెట్టనీకి అచ్చింది. ఎనభై నాలుగేండ్ల మనిషి, పొద్దున చీకటితోని బస్సెక్కి.”

వినాయక్ ఏదో అనబోయాడు. అంతలో జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి అతను శుభాంగి వైపు చూశాడు. ఆమె బల్ల మీద పెట్టమన్నట్టు సైగ చేసింది. వినాయక్ స్పీకర్ నొక్కాడు.

“పని ఖతం, సేట్,” నందకిషోర్ గొంతు హుషారుగా ఉంది. “ముసలమ్మ వేలు పెట్టింది. సంతోషంగ పెట్టింది. నన్ను దీవించింది కూడ. ఇగ ఆ తాయి ఎన్ని కాగితాలు చదువుకున్నా చదువుకోనీ.”

వినాయక్ కట్ చేశాడు. శుభాంగి అప్పటికే సుమిత్రాబాయికి ఫోన్ కలిపింది. అటు ట్రాఫిక్ మోత, కండక్టర్ కేకలు.

“సుమిత్రాబాయీ, నేనేం చెప్పిన నీకు?”

“నేను వద్దంటనే ఉన్న అక్కా. అవ్వ ఇనలే. నా చెయ్యి విడిపిచ్చుకొని మరి పెట్టింది.”

“అవ్వకియ్యి.”

ఫోన్ చేతులు మారింది. ముసలమ్మకు ఫోన్ ఎంత దూరం పెట్టుకోవాలో తెలియదు. గట్టిగా మాట్లాడింది. స్పీకర్ అక్కర్లేకుండానే గది నిండా వినిపించింది.

“కోపం జేయకు బిడ్డా. ఆ సారు మంచోడు. నిజం జెప్పిండు నాకు. నీ తమ్ముడు బతికే ఉన్నడు, కొడుకు ఉన్నడు, మనవరాలు ఉన్నది, ఇల్లు వాకిలి ఉన్నది అన్నడు. గుండెకు కోతవెట్టిండ్రు, నువ్వు పోయి అక్కనంటే ఆ గుండె ఆగుతది అన్నడు. నాకు తమ్ముడు లేడని వేలు పెడ్తె వాడు సల్లగుంటడు అన్నడు.”

“అవ్వా, అతను...”

“నన్ను జెప్పనీ బిడ్డా. నాకు కావల్సింది ఏంది? వాడు బతకాలె. మొదాలికెళ్లి గదే గద. వాడు బతకాలెనని మా అవ్వ అబద్ధమాడింది. ఆ పెంచిన తల్లి ఆడింది. నా వంతు నేను ఆడిన. మనసు నిండింది బిడ్డా. ఆ ఇంటి దిక్కు తిరిగి దండం పెట్టుకున్న. బస్సు అచ్చింది, ఎక్కుతున్నం. నీ మేలు మరువ.”

“అవ్వా, ఫోన్ పెట్టకు. ఒక్క నిమిషం.”

లోపలి గది తలుపు తెరిచి ఉంది. ఎప్పుడు తెరుచుకుందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. గడప మీద భీమ్‌రావు నిలబడి ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, బక్కగా, బనీను మీద శాలువా కప్పుకుని. ఒక చేత్తో తలుపు చెక్క పట్టుకున్నాడు. వెలుగు పక్క నుంచి పడి, కుడి ముక్కుపుటం మీద సూదంత గుంట స్పష్టంగా కనిపించింది.

“ఎవలది ఆ గొంతు?” అన్నాడు.

“ఎవలు లేరు బాపు, దుకాణం ఫోను,” వినాయక్ లేచి అడ్డం వచ్చాడు. “మీరు పండుకోండ్రి.”

భీమ్‌రావు కొడుకును చూడలేదు. శుభాంగి వైపు చేయి చాచాడు. గుండె ఆపరేషన్ అయిన మనిషి. ఈ ఫోన్ ఇస్తే ఏమవుతుందో ఏ డాక్టరూ శుభాంగికి చెప్పి పెట్టలేదు. నందకిషోర్ అన్నది నిజమే కావచ్చు కూడా. ఇవ్వకపోతే రేపు పొద్దున ఈయన మళ్లీ ఆ రేకుకు బొట్టు పెడతాడు, అక్కడ ముసలమ్మ బస్సెక్కి పోతుంది, ఇద్దరూ బతికుండగానే ఒకరికొకరు లేకుండా పోతారు.

ఆమె ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చెవికి ఆనించుకున్నాడు. కాసేపు అటు మోత మాత్రమే విన్నాడు. తర్వాత చాలా మెల్లగా, కొత్త మనిషితో మాట్లాడినట్టు అడిగాడు.

“ఎవలమ్మా మాట్లాడేది? ఏ ఊరు మీది?”

అటు కండక్టర్ ఎక్కండి ఎక్కండి అంటున్నాడు. సుమిత్రాబాయి అవ్వా అని పిలుస్తోంది. వాటి మధ్య ముసలమ్మ గొంతు, ఇందాకటి గట్టితనం పోయి, సన్నగా వచ్చింది.

“నాకు తమ్ముడు లేడు నాయనా.”

భీమ్‌రావు గడప మీదే మెల్లగా కూర్చున్నాడు. వినాయక్ పట్టుకోబోతే వద్దని చేయి ఊపాడు. కళ్ల నుంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి, మొహం మాత్రం పసిపిల్లవాడిలా విచ్చుకుంది.

“నేను గది అడగలేదు గద, అక్కా,” అన్నాడు.